డిసెంబరాల కింది తుంగ

నా చిన్నప్పుడు, అమ్మ పోయిన ఏడాది వానాకాలంలో, ఒక ఉదయం ఆరున్నరకి నేను పెరట్లో కూర్చుని తుంగ పీకుతున్నాను. ముందురోజు పీకిన చోటే అది మళ్ళీ సూదుల్లా లేచింది. రోజూ ఇదే వరస. బందరులో మా ఇంటి వెనక అమ్మ పెంచిన డిసెంబరాల మడి అది. క్రిస్మస్‌కి ఆ పూలే మాల కట్టి చర్చికి తీసుకెళ్ళేది. అమ్మ లేకపోయినా ఈసారీ ఆ పూలు వెళ్ళాలని నా పట్టుదల. తుంగేమో మొక్కల్ని ఎదగనివ్వడం లేదు. కోపంకొద్దీ గుప్పెళ్ళతో లాగితే పైగడ్డి తెగి వచ్చేది, నా వేళ్ళు కోసుకుపోయేవి.

అమ్మ పోయాక మమ్మల్ని చూసుకోవడానికి వచ్చిన పెద్దమ్మ, పిడక కచ్చికతో పళ్ళు తోముకుంటూ వచ్చి నిలబడింది.

"పీకుతున్నావా, దానికి క్షవరం చేస్తున్నావా?" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ నోరు కడుక్కుని గునపం తెచ్చి, తుంగను వదిలేసి, అమ్మ మొక్కనే మట్టితో సహా పెకలించింది.

"చచ్చిపోద్ది పెద్దమ్మా! అది అమ్మది!"

"అరవకు. బకెట్టుతో నీళ్ళు పట్రా."

నీళ్ళలో ముంచి నల్లమట్టి వదిలించాక చూపించింది. మొక్క వేళ్ళ మధ్య చిన్న చిన్న తుంగ గడ్డలు, దారానికి గుచ్చినట్టు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. నేను పైన తెంపినకొద్దీ ఇవి కింద పిలకలు వేస్తూనే ఉన్నాయన్నమాట.

"ఇది మీ అమ్మతోనే వచ్చిందే. గుడ్లవల్లేరులో మా పెరటి మొక్కల్ని మట్టితోనే తెచ్చుకుంది. వేళ్ళు కడగవే అని అప్పుడే చెప్పా. వింటేనా!"

అమ్మ తెచ్చిందని తెలిశాక చేతిలోని గడ్డను పారెయ్యబుద్ధి కాలేదు. పెద్దమ్మ కనిపెట్టింది. నా గుప్పిట విప్పి, ఆ గడ్డను, కాల్చెయ్యడానికి పక్కన పోసిన తుంగ కుప్పలో వేసింది.

"మొక్క ఉంచుకో. ఇదక్కర్లేదు" అంది. అమ్మ మొక్కను నా చేతిలో పెట్టింది.

మధ్యాహ్నం దాకా మడంతా తవ్వి, వేళ్ళు కడిగి, మళ్ళీ నాటాం. కొన్ని మొక్కలు బతకలేదు. తుంగ కూడా పూర్తిగా పోలేదు. అక్కడక్కడ మళ్ళీ తల ఎత్తితే నాకు పిచ్చి కోపం వచ్చింది. అయినా పీకలేదు, తవ్వాను. క్రిస్మస్‌కి మాల కుదిరింది, పొట్టిదే.

పోయినవాళ్ళు వదిలినదంతా దాచుకోనక్కర్లేదని ఆ రోజు తెలిసింది. తెలిసినా, వదులుకోవడం ప్రతిసారీ కష్టంగానే ఉంది. ఆ తర్వాత ఎవరు మొక్క అడిగినా వేళ్ళు కడిగి, తడిగుడ్డ చుట్టి ఇచ్చేదాన్ని. ఇప్పుడు మొక్కల్ని నర్సరీల్లో, మట్టి సంచులతో సహా కొనుక్కుంటున్నారు. ఇంటికొచ్చి ఎవరూ అడగడం లేదు.