గోడ వంగిన చోటు

మా నాయనమ్మ ఏ సంవత్సరంలో పుట్టిందో ఆమెకే తెలియదు. అప్పుడు మా మొయినాబాద్ దగ్గరి ప్రొద్దుటూరులో నిజాం పాలన నడుస్తుండేదని మాత్రం తెలుసు. రజాకార్ల కాలంలో జొన్నచేనులో దాక్కుంది. పోలీసు చర్య అయిపోయాక పెళ్ళై ఎంకపల్లికి వచ్చింది. అంతే, మళ్ళీ ఎటూ పోలేదు. ప్రభుత్వాలే వచ్చి పోతుండేవి.

ఇంట్లో అందరం ఆమెను అవ్వ అనే పిలిచేవాళ్ళం. ఎవరు గద్దెనెక్కినా మా మెట్టచేను గురించి అవ్వ అడిగేది ఒకటే మాట.

"మన చెల్క మనదేనా?"

తాత "మనదే" అనేవాడు. ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేది. భూములకు సీలింగు వచ్చినప్పుడూ అడిగిందట. మాది సీలింగుకు అందేంత భూమి కాదు. తెలంగాణ వచ్చిన రోజు ఊరంతా పటాకులు కాలుస్తుంటే మళ్ళీ అడిగింది. అప్పటికి తాత లేడు. మాలో పోయినవాళ్ళను సొంత చెల్కలోనే పూడుస్తారు, ఆయనకూ ఒక మూల సమాధి కట్టాం. పక్కన కాస్త జాగా తనదని అవ్వ అక్కడ గడ్డి పెరగనిచ్చేది కాదు. ఆ రోజు జవాబు ఆమె కొడుకు, మా బాపు చెప్పాడు.

"మనదే అవ్వా."

తర్వాత చెల్క పోయింది. ఏ సర్కారూ తీసుకోలేదు, బాపే అమ్మాడు. మొయినాబాద్ చుట్టూ అందరూ ఫామ్‌హౌస్‌లకు అమ్ముకుంటుంటే, మనమొక్కళ్ళమే టమాటాలు పండిస్తూ కూర్చుంటే పిచ్చోళ్ళనుకుంటారన్నాడు.

అవ్వ వేలిముద్ర లేనిదే రిజిస్ట్రేషన్ కాదు. కొనే ఆయన మర్యాదస్థుడు. సమాధిని ఇంకోచోటికి మార్చి, పాలరాయితో కట్టిస్తానన్నాడు. అవ్వ శాంతంగా విన్నది.

"ముసలోన్ని లేపి అడుగు బిడ్డా. లేస్తే తీస్కపో."

ఆయన లేపలేదు. ఆ మూలనూ, అక్కడికి నడిచేంత బాటనూ వదిలి కాగితం రాశాకే ఆమె వేలు కదిలింది. బాపుకు తల కొట్టేసినట్టయింది.

"నలుగుట్ల ఇజ్జత్ తీసినవ్. గంత జాగల నీకేం పనవ్వా?"

"పనేం లేదు. పండుకుంట."

ఇప్పుడు ఫామ్‌హౌస్ గోడ తిన్నగా వచ్చి, తాత దగ్గర వంగి, మళ్ళీ తిన్నగా పోతుంది. ఆదివారాలు లోపల డీజే మోగుతుంది. తాతకు నిద్ర పడుతుందా అని ఒకసారి అవ్వను ఆటపట్టించాను.

"బతికున్నప్పుడే నా మాట ఇనలె. గిప్పుడు పాటలింటడా?"

పోయిన ఎండాకాలం అవ్వ పోయింది. ఆమె గడ్డి పీకిన చోటే పడుకోబెట్టాం. నాకు ఏడుపు ఆగలేదు. అంత మొండి మనిషి నాకు మళ్ళీ దొరకదు.

పెద్దల అమావాస్యకు బాపు, నేను వెళ్ళాం. దీపం పెట్టి, కొబ్బరికాయ కొట్టాక బాపు ఆ మూలను కళ్ళతో కొలవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత అటు నుంచి ఇటు నడిచి చూశాడు. మాకు మిగిలిన భూమి అదే.

"ఇంకొకరికి జాగ సరిపోతదారా?"

ఇద్దరి సమాధులనూ, గోడనూ చూశాను.

"సరిపోదు బాపు."

ఆయన గోడ మీద చెయ్యి పెట్టి, కొంచెం నెట్టి చూశాడు.