ఎకోతో సరిపోయిన పిల్లాడు

గుంటూరు నుంచి చిలకలూరిపేట వచ్చే బస్సులో ఒకావిడ పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని, మావాణ్ణి భుజాన వేసుకున్న నా పక్కన కూర్చుంది. ఇద్దరి దగ్గరా ఒకే ఆసుపత్రి కవర్లు ఉండేసరికి మాటలు కలిశాయి. పిల్లలిద్దరిదీ ఒకటే జబ్బు. జ్వరంతో మొదలై గుండె రక్తనాళాలు వాస్తాయి.

"మావాడికి ఎకోతో సరిపోయిందండి. ఛాతీమీద జెల్ రాసి గుండె స్కానింగ్ చేశారు. వాపు పోయిందన్నారు," అంది.

నాకు ఒళ్లు మండింది. మావాడికి ఎకోలో వాపు ఇంకా కనబడుతూనే ఉంది. నాళం చివరిదాకా చూడాలంటే ఎకో చాలదని, చేతికి సూది గుచ్చి, మందు ఎక్కించి సీటీ స్కాన్ తీశారు. వాడు ఏడ్చి ఏడ్చి నా భుజంమీద నిద్రపోయాడు. ఆ పిల్లాడేమో కిటికీలోంచి మిరప కళ్లాలు చూసి కేరింతలు కొడుతున్నాడు. వాడికి తగ్గిపోయి మావాడికెందుకు తగ్గలేదు? వాణ్ణే రెప్పవేయకుండా చూశాను.

ఆవిడ నా చూపు కనిపెట్టింది. కొడుకుని కొంగుచాటుకు లాక్కుంటుందనుకున్నాను. వాడి బుగ్గమీది దిష్టిచుక్కను వేలితో తీసి మావాడి బుగ్గకు అద్దింది.

"ఇది మీవాడికే కావాలండి," అంది.

ఇప్పటికీ చెకప్‌కి బయల్దేరుతూ మావాడికి చుక్క పెడుతుంటే, చుక్కలేని ఆ పిల్లాడి బుగ్గే కళ్లముందుకొస్తుంది.