సాగర్‌లో ముత్తవ్వ చేను

ముత్తవ్వ పొలం నిజాంసాగర్ నీళ్ల అడుగున ఉంది. మాటవరసకు అనడం లేదు, నిజంగానే. నిజాం కాలంలో మంజీర మీద ఆనకట్ట కట్టినప్పుడు, ఆమె భర్త భోజన్న వాళ్ల తాత సాగుచేసుకున్న నల్లరేగడి మునిగిపోయింది. సాగర్ ఎండిన కరువు సంవత్సరాల్లో ఆ నేల బయటపడితే ముత్తవ్వ పోయి జొన్న వేసుకుంటుంది. వరదలు తెచ్చిన ఒండ్రు పేరుకుని ఉండడంతో, ఎరువు వేయకున్నా చేను ఏపుగా పెరుగుతుంది. ఆ ఒండ్రుతోనే సాగర్ పూడిపోతోంది, నీళ్లు నిలిచే చోటు తగ్గిపోతోంది.

సాగర్ నిండినప్పుడల్లా మా ఊరి ఆడవాళ్లం పసుపు కుంకుమలతో ఒడ్డుకు పోతాం. ముత్తవ్వ రాదు. ఒకసారి పిలిచి చీవాట్లు తిన్నాను.

"మా బువ్వ మింగినదానికి నేను బొట్టు వెట్టాల్నా? నువ్వు పో. నీదేం మునిగింది?"

ఆమె కోపంలో తప్పేముంది? కాలువ కింద చెరకు వేసి బాగుపడ్డవాళ్ల ముచ్చటే అందరూ చెబుతారు. మునిగినవాళ్లను ఎవరడిగారు?

అయినా కూతురు స్నేహలతను సాగర్ కాలువ పారే మోస్రాకే ఇచ్చింది. బిడ్డకు తిండికి లోటుండొద్దనుకుంది.

ఒక కరువేడు ముత్తవ్వ జొన్న నిండుగా కంకులు వేసింది. మోస్రాలో కాలువ రాక, బోరు ఆగి ఆగి పోస్తూ, స్నేహలత వరి ఎర్రబారింది. "అవ్వా, ఈపారి గూడ పంట పోతే మేమెట్ల బతుకుదుమే" అని ఫోన్‌లో ఏడ్చేది. ముత్తవ్వ వానను రమ్మని మొక్కలేదు, వద్దనీ అనలేదు.

కొడవలి నూరుకున్న వారంలోనే ఎగువన వానలు పడి మంజీర పొంగింది. నేనూ ముత్తవ్వ వెంట చేనుకు ఉరికాను. రెండు మోపులు కోసేసరికి నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. చెయ్యి పట్టి లాక్కొచ్చాను. ఒడ్డున కూర్చుని చూస్తుండగానే చేను మునిగింది. చివరికి కంకులే పైకి కనిపించాయి. నాకే ఏడుపొచ్చింది.

అప్పుడే స్నేహలత ఫోన్ చేసింది.

"అవ్వా, సాగర్లకు నీళ్లొస్తున్నయంట. నిజమేనా?"

"వస్తున్నయ్ బిడ్డా. మస్తుగొస్తున్నయ్."

"మరి నీ జొన్న?"

"గది మొన్ననే కోసిన. ఇంట్ల వోసిన. నువ్వు ఫికరు జెయ్యకు."

ఫోన్ నా చేతికిచ్చి నీళ్ల అంచుకు దిగింది. ఆమె వెంట పసుపు లేదు, కుంకుమ లేదు. తన నుదుటి బొట్టునే తడివేలితో అద్ది నీళ్లకు పెట్టింది.

"నాది తిన్నవ్. నా బిడ్డ మడి ఎండనియ్యకు" అంది.