ఇంకోసారి గారి పాత కాపీలు

మా ఆయన్ని "అజాగ్రత్త మనిషి" అని రాసి మరీ ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ కాగితం చదివితే ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. కొత్త గొడుగు ఒక వానలో తడిసొస్తే గానీ పాతది పారేయనివ్వని మనిషితో ఇరవై రెండేళ్ళు కాపురం చేశాను. ఆయన జాగ్రత్తతో వేగలేక నేను చచ్చాను గానీ, అజాగ్రత్తట.

ఆయనది ఆస్పత్రి సర్వర్ గదిలో పని. రోగుల వివరాలు, పరీక్షల ఫలితాలు, ఆఫీసు మెయిళ్ళు అన్నీ ఆ సర్వర్లోనే ఉంటాయి. రోజూ తెల్లారేసరికి వాటి కాపీ ఒకటి పక్క డిస్కులోకి చేరుతుంది. డిస్కు నిండిపోకుండా ప్రతి శనివారం ఈయన పాత కాపీలు తీసేసేవాడు. తీసేముందు కొత్త కాపీని వేరే కంప్యూటర్లో తెరిచి, ఎవరో ఒక రోగి కాగితం కళ్ళారా చూసుకునేవాడు. తొందరపెడితే "ఇంకోసారి చూద్దాం" అనేవాడు. అందుకని ఆఫీసులో ఈయనకి "ఇంకోసారి గారు" అని పేరు పెట్టారు.

కొత్తగా వచ్చిన మేనేజరుకి ఇదంతా మింగుడుపడలేదు. "దీనికి పూటంతా ఎందుకండీ? ముప్పై రోజులు దాటినవి వాటంతటవే పోయేలా ఓ ప్రోగ్రాం రాసి పడేయండి" అన్నాడు. ఈయన రెండు రోజులు కూర్చుని రాశాడు పాపం. కొత్త కాపీ తెరుచుకోకపోతే పాతవి ముట్టుకోకుండా ఆగిపోవాలని అందులో ఒక మెలిక పెట్టాడు. మొదటి వారంలోనే డిస్కు నెమ్మదించి, కొత్త కాపీ తెరుచుకోక ప్రోగ్రాం రెండుసార్లు ఆగింది. ఆ మెలిక తీసేయమని మేనేజరు మెయిల్ పెట్టాడు.

"అది లేకపోతే గుడ్డిగా చెరిపేస్తుంది సార్."

"మీకు చేతకాకపోతే చెప్పండి, చేసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు."

ఆ సాయంత్రం చెప్పులు కూడా విప్పకుండా కూర్చుని, "తీసేయనా?" అని నన్నడిగాడు. పిల్ల చదువు ఇంకా సగంలో ఉంది. "తీసేయండి, వాళ్ళతో ఎందుకొచ్చిన గొడవ" అన్నాను. అన్నది నేనే.

మెలిక తీసేశాక శనివారాలు ఈయన్ని వేరే పనికి వేశారు. కొన్నాళ్ళకి ఎవరో సర్వర్ పాస్‌వర్డ్ మార్చి, రోజూ కాపీ తయారయ్యే చోట ఆ కొత్తది ఇవ్వడం మర్చిపోయారు. రోజూ ఫైలు వస్తూనే ఉంది. పేరు, తేదీ అన్నీ సరిగ్గా ఉన్నాయి, లోపలే ఏమీ లేదు. ప్రోగ్రాం మాత్రం చెప్పిన పని చెప్పినట్టు చేసుకుపోయింది. నెల తిరిగేసరికి మంచి కాపీలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఆ తర్వాతి వారం సర్వర్ కుప్పకూలింది.

విచారణలో ఈయన, "మెలిక తీయమన్నది మీరే కదా సార్" అన్నాడు. "నేనెప్పుడన్నాను? చూపించండి" అన్నాడా పెద్దమనిషి. ఏం చూపిస్తాడు? ఆ మెయిలూ ఆ సర్వర్లోనే ఉండేది. ప్రోగ్రాం మాత్రం పక్క డిస్కులో భద్రంగా ఉంది, మొదటి లైన్లో ఈయన పేరుతో.

తీసేయమని నేనన్న సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు. నాతోనూ అనలేదు. ఒక్కసారి అనేస్తే బాగుండు, పోట్లాడి ఏడ్చేదాన్ని.