పడని మందు

నా చిన్నప్పుడు బంధువుల్లో నాకు గొప్ప పేరు తెచ్చిపెట్టింది చదువూ కాదు, పాటా కాదు, పెన్సిలిన్. ఆ మందు నాకు పడదు. పసితనంలో ఒకసారి ఇంజెక్షను చేస్తే ఏదో జరిగిందట. ఆ ఏదో ఏమిటన్నది మాత్రం చెప్పేవారిని బట్టి మారిపోయేది. పెళ్ళిళ్ళలో నన్ను దగ్గరికి పిలిచి, "ఈ పిల్లేనండీ, చచ్చి బతికింది" అని చూపించేవారు. నేనూ కాస్త గర్వంగానే నిలబడేదాన్ని.

మేము భీమడోలులో ఉండేవాళ్ళం. నాలుగో తరగతిలో ఉండగా నాకు కింది దవడ పన్ను పుచ్చి బుగ్గ వాచింది. మర్నాటికి వాపు మెడ మీదికి దిగింది. జ్వరం. నోరు సరిగ్గా తెరుచుకోదు. మా నాన్నమ్మ కాపడం పెడుతూనే కళ్ళు ఒత్తుకునేది. చీము పట్టిన వాపుకు పెన్సిలిన్ ఒక్కటే మందని ఆవిడ నమ్మకం. అది పడని పిల్లకు ఇక దిక్కేమిటని భయం. ఆ భయంతోనే ఆలస్యం చేశారు. చివరికి మా బాబాయి, "ఇలా కూర్చుంటే ఎలాగమ్మా" అని నన్నూ నాన్నమ్మనూ ఏలూరు బండి ఎక్కించి తనూ వచ్చాడు. మా మేనత్త కూడా వెంట వచ్చింది.

ఏలూరులో డాక్టరుగారు నడివయసు ఆవిడ. ముందు నాతో నీళ్ళు మింగించారు, నాలుక పైకెత్తమన్నారు, ఊపిరి సరిగ్గా ఆడుతోందా అని చూశారు. తర్వాత మావాళ్ళకేసి తిరిగి, పెన్సిలిన్ ఇస్తే ఏమైందని అడిగారు.

"స్పృహ తప్పిపోయిందండి. పూటంతా కళ్ళు తెరవలేదు," అంది మేనత్త.

"ఒళ్ళంతా నీలంగా మారిపోయిందండీ," అన్నాడు బాబాయి.

"మీరు చూశారాండీ?"

"నేనప్పుడు ఆకివీడులో మా అత్తగారింట్లో ఉన్నానండి," అంది మేనత్త గొంతు తగ్గించి. బాబాయేమో పొగాకు పని మీద జంగారెడ్డిగూడెంలో ఉన్నాడట. నాకు నవ్వొచ్చింది, బుగ్గ నొప్పెట్టి ఆపుకున్నాను. డాక్టరుగారు వాళ్ళను చిన్నబుచ్చలేదు. నాన్నమ్మ పక్కకు కుర్చీ జరుపుకుని, "మీరు కంటితో చూసింది చెప్పండి, చాలు" అన్నారు.

నాన్నమ్మ నెమ్మదిగా చెప్పింది. సూది తీసిన కాసేపటికే ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. పెదవులు వాచాయి. పిల్ల ఈల వేసినట్టు ఊపిరి తీసింది. ఆ సూది చేసిన డాక్టరే వెంటనే మరో ఇంజెక్షను చేస్తే తేరుకుంది. నీలం లేదు, స్పృహ తప్పడమూ లేదు.

"అయితే నిజంగానే పడదండి. ఆ మందూ వద్దు, ఆ జాతి మందులూ వద్దు. వేరేవి వాడదాం."

"వేరేవి ఉన్నాయాండీ?" అంది నాన్నమ్మ. ఆవిడ మొహం అంతగా విప్పారడం నేనెప్పుడూ చూడలేదు. మేనత్త ఏడ్చేసింది, బాబాయి నవ్వేశాడు.

పళ్ళ డాక్టరును పిలిపించి పన్ను తీయించారు, చీము వదిలించారు. ఎరిత్రోమైసిన్ మొదలుపెట్టి, వాపు తీసేదాకా అక్కడే ఉంచుకున్నారు. ఆ మందుకు నా కడుపులో తిప్పింది. ఇదీ పడలేదని మేనత్త కంగారుపడితే, "అది ఈ మందు గుణమండీ, పడకపోవడం కాదు" అన్నారు డాక్టరుగారు. మేము బయలుదేరే ముందు నన్ను ఎదురుగా నిలబెట్టి, ఎవరు సూది తీసినా నువ్వే చెప్పాలని ఆ సంగతంతా నా నోటితో చెప్పించారు. దద్దుర్లు, పెదవులు, ఊపిరి. తిరుగుబండిలో మజ్జిగ అమ్మేవాడితో సహా అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. పాపం, అతను నాకో గ్లాసు ఊరికే ఇచ్చాడు.

ఇప్పటికీ ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా కూర్చోకముందే చెబుతాను. అంతకన్నా నాకు మిగిలింది ఆవిడ అడిగిన తీరు. ఎవరైనా పడదనీ, రాదనీ, కుదరదనీ అంటే, ఏమైందో చెప్పమంటాను. మొన్న తాడేపల్లిగూడెంలో మా మనవరాలు, "నాకు లెక్కలు పడవమ్మమ్మా" అని పుస్తకం మూసేసింది. పక్కన కూర్చుని, ఎక్కడ ఏమైందో చూపించమన్నాను. తీరా చూస్తే దానికి పడనిది భాగహారం ఒక్కటే. మిగతావన్నీ అన్నాలవేళకు ముందే చేసేసి, భాగహారం సంగతి తినొచ్చాక చూద్దామంది.