పెళ్లి కార్డుల తోరణం

ఎండిన కొమ్మ మీద ఎవరూ అడగకుండానే చిగురు పెట్టే స్వామికి ముందుగా నమస్కారం. గోడ పగులులో మొలిచిన రావి మొక్కకు కూడా అదే ఎండ, అదే వాన ఇచ్చేవాడాయన. ఎవరికెంత అని కొలత పెట్టుకోని ఆ చేతికి, గొంతు బాగున్నా బాగోకపోయినా వినే ఆ చెవికి, మన లోపల ఏముందో చూసి కూడా మొహం తిప్పుకోని ఆ కళ్లకు జయం. నేను చేసిన పని ఆ కళ్ల ముందే చేశాను కనుక, దాచడానికి ఏమీ లేదు.

మా చాల్, మరాఠీ గడ్డ మీద తెలుగువాళ్లుండే అద్దె గదుల భవనం, కామాఠిపురాలో ఉంది. మూడంతస్తులు, ప్రతి అంతస్తుకూ వరసగా ఒంటిగది ఖోలీలు, వాటి ముందు పొడవాటి గ్యాలరీ. కింద మూల గది మాత్రం రాములవారిది. ఇళ్లు కట్టే పనికి వచ్చిన మా తాతల తరం, పని దగ్గర మిగిలిన ఇటుకలతో కట్టుకున్న గద్దె మీద ఆయన ఇప్పటికీ ఉన్నాడు. శనివారాలు అక్కడ భజన జరుగుతుంది. ఉగాది నుంచి నవమి దాకా తొమ్మిది రోజులు రామకథ చదువుతాం. చదివేది నేను.

అంతకుముందు మా నాన్న చదివేవాడు. ఆయన గోడలకు గిలాబా చేసే మేస్త్రీ. సాయంత్రం చేతులకంటిన సిమెంటు కడుక్కుని వచ్చి నాకు పలక మీద తెలుగు అక్షరాలు దిద్దించేవాడు. మా చాల్‌లో నా ఈడువాళ్లంతా మరాఠీ బడికి వెళ్లినవాళ్లే. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. నేనూ ఆ బడికే వెళ్లాను, కానీ నాన్న పలక నన్ను వదల్లేదు. కాగితం కాలికి తగిలితే తీసి కళ్లకద్దుకోమనేవాడు. పకోడీలు కట్టిచ్చిన కాగితమైనా సరే. ఆ అలవాటు నాకు ఇప్పటికీ ఉంది.

రాములవారి గుమ్మానికి ఉగాది తోరణం కట్టడం కూడా నా పనే. నేను ఇంట్లోనే చీరలకు ఫాల్‌లు, లంగాలు కుడతాను. మిగిలిన గుడ్డ ముక్కలతో చిలుకలు కుట్టి, లోపల దూది కూరి, కంటికొక నల్ల పూస పెట్టి, దాదర్ బజారు నుంచి తెచ్చిన మామిడాకుల మధ్య వేలాడదీస్తాను. పంతొమ్మిదేళ్లు అలా కట్టాను. లోపలికి వచ్చేవాళ్లు తల ఎత్తితే, స్వామిని చూడక ముందే నా చిలుకలను చూస్తారు. ఆ సంగతి నాకు తెలుసు. అది నాకు చాలా ఇష్టం.

మూడేళ్ల కిందట రెండో అంతస్తు చివరి ఖోలీలో ఒకామె దిగింది. పాలమూరు వైపు నుంచి కొత్తగా వచ్చినవాళ్లు. భర్త బిల్డింగుల దగ్గర ఇనుము కట్టే పని చేస్తాడు. ఆమెకు ముప్ఫై దాటి ఉండవు. బడి మొహం చూడలేదు. మొదటి రెండేళ్లు నీళ్ల పంపు దగ్గర నవ్వడం తప్ప మా మధ్య పెద్దగా మాటల్లేవు. నిరుడు చలికాలం పోతుండగా ఆమె మా తలుపు దగ్గర నిలబడింది.

"అక్కా, పాత పెండ్లి కార్డులుంటె ఇయ్యరాదు. పండుగకు ఏమన్న జేస్త."

మా వాళ్లందరి ఇళ్లలో ఉండే చిక్కే అది. ప్రతి కార్డు మీదా ఒక దేవుడి బొమ్మ ఉంటుంది. పారెయ్యలేం, కాల్చలేం. దేవుడి పటాల వెనక, పరుపుల కింద, అటక మీద పేరుకుపోతూ ఉంటాయి.

"దేవుని బొమ్మలుంటయి పిల్లా. కత్తెర వెట్టకు" అన్నాను.

"ఎరికే అక్కా. బొమ్మలు దీసి పక్కకు వెడ్త."

అటక మీంచి ఒక కట్ట దించి ఇచ్చాను. మా అమ్మాయి పెళ్లికి అచ్చు వేయించి మిగిలిపోయిన కార్డులు కూడా అందులో ఉన్నాయి. అటక ఖాళీ అయిందని ఆ రోజు సంతోషపడ్డాను కూడా.

పదిహేను రోజులు తిరగకుండా ఆమె గుమ్మం మారిపోయింది. ఎర్రవి, పసుపువి, ముదురాకు రంగువి కార్డులు కత్తిరించి, రెండేసి వెన్నుకు వెన్ను మైదా పిండితో అంటించి మామిడాకులు చేసింది. మడతలు పెట్టి చిలుకలు చేసింది. రెక్కలు విడిగా గుచ్చడం వల్ల గాలి వస్తే అవి అల్లాడేవి. బడి నుంచి వచ్చిన పిల్లలు సంచులు కూడా దించకుండా రెండో అంతస్తుకు పరుగెత్తేవాళ్లు. మా ఖోలీ దాటే వెళ్లాలి. ఎంతమంది వెళ్లారో మిషన్ తొక్కుతూ లెక్కపెట్టేదాన్ని. లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి.

ఎదురు ఖోలీ వదినకు ఇలాంటివి ఇట్టే కనబడతాయి. "వదినా, ఈసారి నీ చిలుకలకు పెన్షన్ ఇయ్యాల్నట గద" అంది.

"ఎవరన్నరు?"

"పిల్లలు. నీ చిలుకలు కోళ్ల లెక్క ఉంటయంట. ఆమెవి ఏక్‌దమ్ ఎగురుతున్నట్టే ఉన్నయంట."

"పిల్లలకేం ఎరిక."

"అదే నేనూ అన్న. కోళ్లు గూడ జర ఎగురుతయి అని."

లోపలికి వచ్చి, కుట్టడం పూర్తయిన చిలుకను చేతిలోకి తీసుకుని చూశాను. పొట్ట దగ్గర దూది ఎక్కువై నిజంగానే కోడిలా ఉంది. పంతొమ్మిదేళ్లలో ఒక్కరూ నాకు ఆ మాట చెప్పలేదు.

ఆ శనివారం భజన అయ్యాక మా మండలికి పెద్దదిక్కైన కాకా నన్ను ఆగమన్నాడు. ఎనభై దాటినవాడు. అక్షరాలు వచ్చు కానీ చూపు ఆనదు.

"బిడ్డా, ఇన్నేండ్లు నువ్వే కట్టినవు. ఈసారి ఆ పిల్లతోని కట్టిద్దాం. కొత్తగొచ్చినోళ్లు మనల్ల కలిసినట్టుంటది."

"మంచిదే కాకా" అన్నాను. నోరే అంది.

ఇంటికి వచ్చి దీపం దగ్గర కూర్చుని స్వామిని ఒకటి కోరుకున్నాను. ఆమె తోరణం తెగిపోవాలని కాదు. అంత బాగుండకూడదని. చిన్న కోరికే కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఇన్నేళ్లుగా కథ చదువుతున్నదాన్ని, విన్నవాళ్లకు అర్థం విప్పి చెప్పేదాన్ని, దేవుడి దగ్గర ఇలాంటిది అడగకూడదని నాకు తెలియక కాదు.

ఉగాది రెండు రోజులుందనగా దారం ఇచ్చే వంకతో పైకి వెళ్లాను. ఆమె తోరణాన్ని నేల మీద చాప పరిచి దాని మీద పొడవుగా పెట్టింది. ఒక్కొక్క ఆకూ, ఒక్కొక్క చిలుకా ముట్టుకుంటూ చూశాను. మధ్యలో నా చెయ్యి ఆగింది.

ఒక ఆకు మీద బంగారు రంగులో ఉబ్బెత్తుగా "శ్రీ". పక్క ఆకు మీద "రా". దాని కింద చిలుక తోక మీద, తలకిందులుగా, "మ".

మా అమ్మాయి కార్డే అది. పైన రాములవారి పేరు పెద్ద అక్షరాల్లో బంగారు రంగులో రావాలని ప్రెస్సువాడికి రెండుసార్లు చెప్పి వేయించింది నేనే.

"గీ బంగారు గీతలు సూడక్కా" అంది ఆమె. "ఆకుకు ఈనెలు దీసినట్టు లేవా? అందుకే నడుమల వెట్టిన. అందరికి కానొస్తదని."

అప్పుడే చెప్పి ఉంటే గంటలో మార్చేసేది. రెండు ఆకులు, ఒక చిలుక. అంతే పని.

"బాగుంది" అన్నాను.

మెట్లు దిగుతుంటే నా కాళ్లు ఎంత తేలిగ్గా ఉన్నాయో నాకు ఇంకా గుర్తుంది.

ఉగాది పొద్దున అందరూ కొత్త బట్టల్లో కిందికి వచ్చారు. పక్క చాల్ కిటికీల్లో మరాఠీవాళ్ల గుడీలు, కర్రకు కొత్త బట్ట కట్టి చెంబు బోర్లించినవి, మా గ్యాలరీలోనూ రెండు మూడు గుడీలు లేచాయి. వదిన పచ్చడి గిన్నె పట్టుకుని అందరి చేతుల్లోనూ పోస్తోంది. కాకా మనవడు స్టూలెక్కి తోరణం కట్టాడు. ఎండ పడి ఆ బంగారు గీతలు మెరిశాయి. "వా మావ్‌షీ, కిత్తీ మస్త్" అన్నారు పిల్లలు ఆమెతో, పిన్నీ ఎంత బాగుందో అని. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

కాకా నన్ను కథ మొదలుపెట్టమన్నాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి, అప్పుడే చూసినట్టు తల ఎత్తాను.

"కాకా, జర ఆగుండ్రి. రాములవారి పేరు కోసి తలకిందులు గట్టినట్టున్నది."

నేను వేలు పెట్టి అక్షరం అక్షరం చూపించాను. వాళ్లలో చదవగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. నా మాటే వాళ్లకు కళ్లు. కాకా రెండు చేతులూ జోడించి, "తీసెయ్" అన్నాడు మనవడితో. తోరణం దిగింది.

ఆమె వెనక్కి తిరిగి పైకి వెళ్లింది. కోపంతో వెళ్లిందనుకున్నాం. బిస్కెట్ల డబ్బా ఒకటి పట్టుకుని దిగి వచ్చి మూత తీసి కాకా ముందు పెట్టింది. లోపల కార్డుల నుంచి జాగ్రత్తగా తీసిన దేవుళ్లు. వినాయకులు, లక్ష్ములు, వెంకన్నలు, ఒకదాని మీద ఒకటి, అంచు కూడా నలగకుండా.

"ఒక్క బొమ్మను గూడ కొయ్యలే కాకా. అచ్చరాలు నాకు రావు. గవి గీతలే అనుకున్న."

తర్వాత నా వైపు తిరిగింది. "అక్కా, మొన్న నా ఖోలీకి వచ్చినప్పుడు మీకు కానరాలేదా?"

"లేదు. అద్దాలు వెట్టుకోలే" అన్నాను. మెడలో దారానికి ఎప్పుడూ వేలాడే అద్దాలను ఆ రోజు పెట్టుకునే చూశాను.

"సరే, గుమ్మం ఉత్తగ ఉంటె ఎట్ల?" అన్నాడు కాకా. "ఇప్పుడేం గట్టాలె?"

నా చేతిసంచిలో నా తోరణం ఉంది. ఆకులతో సహా గుచ్చి సిద్ధంగా ఉంది. తీశాను.

"తెచ్చుకొనే వచ్చినవా వదినా" అంది ఎదురు ఖోలీ వదిన, మెల్లగా. ఎప్పుడూ ఆమె మాటకు నవ్వేవాళ్లు ఎవరూ నవ్వలేదు.

నా చిలుకలు ఇరవయ్యోసారి గుమ్మం ఎక్కాయి. ఆ ఏడు ఎవరూ తల ఎత్తి చూడలేదు. లేదా నేనే చూసేవాళ్లను చూడలేకపోయాను.

మూడో రోజు కథ పట్టాభిషేకం ముందు రోజుకు వచ్చింది. అయోధ్య వీధులన్నీ తోరణాలతో వెలిగిపోతుంటాయి. రాణిగారి దాసి మిద్దె ఎక్కి ఆ అలంకారం చూసి ఓర్వలేకపోతుంది. అక్కడి నుంచే వనవాసం మొదలు. ఏటా ఆ దాసి మాటలను గొంతు మార్చి, ముక్కుతో చదివి అందరినీ నవ్వించేదాన్ని. పిల్లలు దానికోసమే కూర్చునేవాళ్లు. నిరుడు ఆ చోటికి వచ్చి అదే వాక్యం రెండుసార్లు మొదలుపెట్టాను. తోరణాలు అన్న మాట దాటి ముందుకు పోలేకపోయాను. గొంతు నొప్పి అనుకుని ఎవరో మిరియాల కషాయం తెచ్చి ఇచ్చారు. గ్లాసు అందుకుని చూస్తే ఆమే.

నవమి అయిన మరునాడు మధ్యాహ్నం ఆమె మిగిలిన కార్డులు, బిస్కెట్ల డబ్బా తీసుకుని మా గుమ్మంలో కూర్చుంది. "ఏది దేవుని పేరో సూపియ్యక్కా. మల్ల తప్పు జెయ్య" అంది. నేను కుడుతూ చూపించాను. మొదట శ్రీ, తర్వాత రా, తర్వాత మ. రోజూ వచ్చేది. వానలు పడేనాటికి కార్డుల మీద పెళ్లికూతుళ్ల పేర్లు కూడబలుక్కుని చదవసాగింది. పలక మీద అదంతా రావడానికి నాకు ఏడాదికి పైన పట్టింది. నాన్న వేళ్ల మీద బెత్తంతో కొట్టేవాడు కూడా. ఆమెకు అంత తొందరగా ఎలా వచ్చిందని నేను సంతోషించవలసింది. రెండు రోజులు తలనొప్పి అని చెప్పి తలుపు వేసుకున్నాను.

ఏడాదంతా అబద్ధం నాతోనే ఉంది. భజనలో కళ్లు మూసుకుంటే స్వామి కాదు, చిలుక తోక కనబడేది. పోయిన వారం ఆమె ఒక కార్డు మొత్తం తప్పు లేకుండా చదివాక, మిషన్ ఆపి చెప్పేశాను.

"ఆ పొద్దు నాకు కానొచ్చింది పిల్లా. పేరు చూసిన. చెప్పలే."

"ఎరికే అక్కా" అంది కార్డు మడుస్తూ.

"ఎట్లెరిక?"

"అన్నిటిని ముట్టుకున్నరు. ఆ మూడిటిని ముట్టుకోలే. మీకు చెయ్యి ఆడలే."

"మరి అందరి ముందట ఎందుకు చెప్పలేదు?"

"అడిగిన గద. మీరు లేదన్నరు." కార్డు పక్కన పెట్టి అంది, "నేను చెప్తె మిమ్మల్ని సదువనియ్యకపోతుండె. మాకు కథ ఎవరు జెప్తరు?"

నా చోటు లాక్కుంటోందని నేను అనుకున్న మనిషే నా చోటును కాపాడింది. క్షమించమని అడగవలసిన క్షణంలో నాకు కలిగింది ఏమిటో రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ ఓర్పు నాది ఎందుకు కాలేదని ఆమె మీద మళ్లీ అసూయ. ఆ తర్వాతే నోరు పెగిలింది. క్షమించమన్నాను. "మీ చిలుకల పొట్టల దూది తగ్గియ్యుండ్రి అక్కా, ఎగురుతయి" అంది.

రేపు ఉగాది. తోరణం మా ఇద్దరిదీ. ఆకులు ఆమెవి, చిలుకలు నావి, దూది తగ్గించినవి. దేవుళ్ల బొమ్మలు, దేవుళ్ల పేర్లు రెండూ డబ్బాలో భద్రంగా ఉన్నాయి. సాయంత్రం కట్టి చూసుకున్నాం. వదిన వచ్చి తల ఎత్తింది. ముందు ఆకులను చూసిందా, చిలుకలను చూసిందా అని నా కళ్లు ఆమె కళ్ల వెంట వెళ్లాయి. ఇంకా వెళుతున్నాయి.

అందుకే చదువుతున్న మిమ్మల్ని అడుగుతున్నాను. ఎక్కడున్నా, ఏ పేరుతో పిలిచినా, నాతో పాటు ఒక్కసారి చేతులు జోడించండి. ఆమె కోసం అక్కర్లేదు. స్వామీ, రేపు ఆ గుమ్మం దాటేటప్పుడు ఎవరు దేన్ని చూస్తున్నారో వెతకకుండా నిన్ను చూసే కళ్లు ఈమెకు ఇవ్వు అని, నా కోసం అనండి. నేనూ మీతో పాటే అంటున్నాను.