ఎండిన ఎముకలు, ఉధ్నా మగ్గాలు

పొద్దున సూరత్‌లోని ఉధ్నాలో ఆటో కోసం నిలబడి ఉంటే, తుక్కుకు పోతున్న మగ్గాల చట్రాలతో ఒక టెంపో వచ్చి పక్కనే ఆగింది. ఒక చట్రానికి నీలం పోగు ఇంకా చిక్కుకుని ఉంది...

మా చిన్నప్పుడు బాపు ఇక్కడే ఒక కార్ఖానాలో మరమగ్గాలు నడిపేవాడు. నేను ఐదో తరగతిలో ఉండగా యజమాని షేఠ్ దానికి తాళం వేశాడు. మళ్లీ ఎప్పుడు తీస్తాడో ఎవరికీ తెలియదు. సొంతూరు సిరిసిల్ల వెళ్లిపోదామని అమ్మ ఒకటే పోరు. అప్పుడే సామాను మూటలు కట్టేసింది. వెళ్తే నా కాన్వెంటు, అక్కడి లైబ్రరీ గది... అన్నీ పోయినట్టే.

ఆ వారమే సిస్టర్ బైబిల్ క్లాసులో ఒక ప్రవక్తకు కలిగిన దర్శనం చెప్పారు. లోయ నిండా ఎండిన ఎముకలు... ప్రవక్త వాటితో మాట్లాడితే గలగలమంటూ ఒకదానికొకటి అతుక్కున్నాయట. నరాలు వచ్చాయి, మాంసం వచ్చింది, చర్మం కప్పుకుంది. అయినా లేవలేదు. ఊపిరిని వేరేగా పిలవాల్సి వచ్చింది.

నా మనసు అక్కడే ఆగిపోయింది. ఎందుకు వేరేగా? మళ్లీ నాకే అనిపించింది... మగ్గమూ అంతే కదా. పోగులన్నీ అతికినా, మోటారు తిరిగేదాకా ఉత్త ఇనుమే.

క్లాసులో హాజరు పలకడానికే గొంతు పెగలని నేను, ఆ సాయంత్రం కార్ఖానా కిటికీ ఊచలు పట్టుకుని మగ్గాలతో మాట్లాడాను. లేవమన్నాను.

వెనక బాపు నిలబడి ఉన్నాడు.

"ఎవలతోని మాట్లాడుతున్నవ్ బిడ్డా?"

"మగ్గాలతోని."

"ఏమంటున్నయ్?"

"ఏమంటలేవు."

"షేఠ్ గూడ గంతే. ఏమంటలేడు. పా, ఇంటికి పోదాం."

మర్నాడు క్లాసయ్యాక సిస్టర్‌ని ఆ ఎముకలు ఎవరివని అడిగాను. దేశం పోగొట్టుకుని పరాయి చోట బతుకుతున్నవాళ్లవి అన్నారు. ఇక ఆశ లేదనుకున్నవాళ్లు. లేవడమంటే వాళ్లు మళ్లీ సొంత నేలకు చేరడమట.

నాకు భయం వేసింది. నేను మగ్గాలను లేవమన్నది మేము ఇక్కడే ఉండాలని. దర్శనంలో మాత్రం లేవడమూ, ఇంటికి వెళ్లడమూ ఒకటే...

ఇంట్లో చెబితే అమ్మ ముఖం విచ్చుకుంది.

"మీ సిస్టరమ్మ మంచిగ చెప్పింది. జర మీ బాపుకు గూడ చెప్పుమను."

బాపు నవ్వాడు. "తల్లేమో మూటలు గట్టవట్టె, బిడ్డేమో మగ్గాలను లేపవట్టె. నేనెవల దిక్కు ఉండాలె?"

దీపావళి తర్వాత కార్ఖానా తెరిచారు. సగం మగ్గాలే తిరిగాయి, బాపుకు పని దొరికింది. ఆ మాట చెబుదామని ఇంటికి పరుగెత్తాను. అమ్మకు అప్పటికే తెలిసింది. ఒక్కతే కూర్చుని మూటల ముడులు విప్పుతోంది. ముందు గిన్నెలు, తర్వాత చీరలు... ఆ దర్శనాన్ని ఆమె వైపు నుంచి చూడటం నాకు అదే మొదలు.

ఇప్పుడు ఆ కార్ఖానా గల్లీలో మాట్లాడుకోవడానికి మగ్గాల మోతకు మించి గొంతు పెంచక్కర్లేదు... చాలా కార్ఖానాలు లేవు. బాగుపడటమంటే తిరిగి వెళ్లడమా, ఉన్నచోట నిలవడమా అని నేను ఇంకా ఆలోచిస్తూనే ఉంటాను. మీ ఇళ్లలోనూ వెళ్లిపోదామనేవాళ్లు ఉండేవారా? ఏ ఊరికి?

నేను పుట్టింది సూరత్‌లో. అమ్మ మూటలు కట్టేనాటికి సిరిసిల్ల చూడనే లేదు.